క్యారేజీలో ఏం పెట్టాలి, అది ఎన్ని గంటలు నిలవాలి?

మధురవాడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారి అమ్మాయికి ఏడేళ్లు, రెండో తరగతి చదువుతోంది. ఉదయం 7 గంటలకు బడి బస్సు వస్తుంది, భోజనం గంట 12:30 తర్వాత కొడతారు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు కావడంతో, రాత్రి మిగిలిన అన్నాన్నే ఉదయం నిమ్మకాయ పులిహోరగానో గుడ్డు వేసిన ఫ్రైడ్ రైస్‌గానో చేసి, వేడి నిలిపే డబ్బాలో పెట్టి పంపుతున్నారు. ఈ నెలలో రెండుసార్లు పాప ఇంటికి రాగానే వాంతి చేసుకుంది. మిగిలిన రోజుల్లో డబ్బా సగం నిండుగానే తిరిగి వస్తోంది. క్యారేజీ మానేసి బడిలో క్యాటరింగ్ వారు పెట్టే భోజనానికి డబ్బు కట్టడం మేలా, ఇంటి నుంచే పంపాలనుకుంటే బలమూ ఇచ్చి పాడవకుండా ఉండేది ఏం పెట్టాలి అన్నది వారి సందేహం.

అమ్మా, ముందు సూటిగా సమాధానం చెబుతాను. రాత్రి బయట ఉంచిన అన్నాన్ని క్యారేజీకి వాడడం రేపటి నుంచే మానేయండి. ఉదయం వండిన అన్నంతోనే డబ్బా కట్టండి. ఆ డబ్బాలోది పొగలు కక్కే వేడితోనైనా ఉండాలి, లేదా పూర్తిగా ఆరినదై పుల్లటిదో పొడిదో అయినా ఉండాలి. గోరువెచ్చగా మూత బిగించినది మాత్రం వద్దు. గుడ్డు, పాలు, చేప వంటి బలమైన పదార్థాలను ఉదయం ఫలహారంలోకీ రాత్రి భోజనంలోకీ మార్చుకోండి. రోజంతటి పోషణనూ ఒక్క డబ్బాలో కుక్కవలసిన అవసరం లేదు. క్యాటరింగ్ విషయానికి వస్తే, అది ఇంటి క్యారేజీ కంటే భద్రమో కాదో పేరును బట్టి తేలదు. కింద రాసిన ప్రశ్నలు అడిగి తెలుసుకున్నాకే నిర్ణయించుకోండి.

గృహవిజ్ఞానంలో ఆహార పోషణ చదువుకొని, విశాఖపట్నంలో బడి వంటశాలలకూ విద్యార్థుల వసతిగృహాలకూ భోజన పర్యవేక్షకురాలిగా చాలా ఏళ్లు పనిచేశాను. కింద రాసినదంతా ఆ పనిలో చూసినదీ, దానికి ఆధారంగా చదువుకున్నదీ.

ముందుగా అన్నం సంగతి. బియ్యంలో, పప్పుల్లో, మట్టి తగిలిన దాదాపు ప్రతి గింజలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాల రూపంలో ఉంటుంది. అన్నం ఉడికే వేడికి ఆ బీజాలు చావవు. వేడి అన్నం ఉన్నంతసేపు అవి నిద్రాణంగా ఉంటాయి. అన్నం చల్లారి గది వేడికి వచ్చాక మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషానికి ఉన్న గుణమేమిటంటే, దాన్ని మళ్లీ ఉడికించినా, బాణలిలో మంట పెంచి వేయించినా విరగదు. కనుక రాత్రి అన్నాన్ని ఉదయం ఎంత బాగా వేయించినా, సూక్ష్మజీవి చావవచ్చు గానీ అది వదిలిపెట్టిన విషం అలాగే ఉండిపోతుంది. అన్నానికి వాసన రాదు, రంగు మారదు, జిగురు కూడా కనిపించకపోవచ్చు. ఆ విషం తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. మీ పాప 12:30కు తిని, మూడు మూడున్నరకు ఇల్లు చేరగానే వాంతి చేసుకోవడం ఈ కాలక్రమానికి సరిపోతోంది. ఇది దూరం నుంచి చెప్పే రోగ నిర్ధారణ కాదు. కానీ ముందుగా అనుమానించవలసింది దీన్నే.

విశాఖలో ఈ సమస్య మరింత ఎక్కువ. సముద్రపు తేమ వల్ల జూన్‌లోనూ సెప్టెంబరులోనూ రాత్రిపూట కూడా ఉక్కపోత తగ్గదు, వంటిల్లు 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైగా మనలో చాలామంది రాత్రి మిగిలిన అన్నాన్ని కుక్కర్ గిన్నెలోనే మూతపెట్టి గట్టు మీద వదిలేస్తారు. లోతైన గిన్నెలో అన్నం మధ్యభాగం చల్లారడానికి గంటలు పడుతుంది, ఆ గంటలన్నీ సూక్ష్మజీవులకు అనుకూలమైనవే. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి పెరుగుతాయి. అనుకూలమైన వేడిలో ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపు కాగలవు. వండిన ఆహారాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇక్కడి నుంచే వచ్చింది.

ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పెద్దావిడ "మా రోజుల్లో చద్దన్నం తిని పెరగలేదా?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. చద్దన్నాన్ని నీళ్లలోనో మజ్జిగలోనో ముంచి ఉంచుతారు. రాత్రంతా అందులో పుల్లటి ఆమ్లం పుడుతుంది, ఆ పులుపు చెడ్డ సూక్ష్మజీవులను చాలావరకు అణచి ఉంచుతుంది, పైగా దాన్ని తెల్లవారగానే ఇంట్లోనే తింటారు. పొడిగా గిన్నెలో మిగిలిన అన్నాన్ని వేయించి, మరో ఐదారు గంటలు డబ్బాలో మగ్గబెట్టడానికీ దీనికీ పోలిక లేదు. చద్దన్నాన్ని కూడా క్యారేజీలో పెట్టి పంపవద్దు.

రాత్రి అన్నం వల్ల మీకు కలిసివచ్చే సమయం నిజానికి పావుగంట మాత్రమే. రాత్రే కొలిచి పెట్టుకుంటే ఉదయం లేవగానే బియ్యం కడిగి, కుక్కర్‌లో అన్నం ఒక గిన్నెలో, పప్పు ఒక గిన్నెలో పెట్టేయవచ్చు. పాప తల దువ్వి, బట్టలు తొడిగేసరికి రెండూ తయారవుతాయి. కూరగాయలు రాత్రి కడిగి, తుడిచి, తరిగి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవడంలో తప్పు లేదు. రాత్రి అన్నం పారేయడం మనసొప్పకపోతే, వండిన గంట లోపు వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి ఆరబెట్టి, లోతు తక్కువ ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. మరునాడు ఉదయం పొగలు వచ్చేలా వేడిచేసి ఇంట్లో పెద్దలు తినవచ్చు. క్యారేజీకి మాత్రం వద్దనే చెబుతాను.

వేడి డబ్బా గురించి ఉన్న అపోహ. వేడి నిలిపే స్టీలు డబ్బా కొన్నాం కనుక ఇక భయం లేదని చాలామంది అనుకుంటారు. ఆ డబ్బా వేడిని పుట్టించదు, పెట్టినంత వేడిని కొంతకాలం కాపాడుతుంది, అంతే. గోరువెచ్చటి పాలలో తోడు వేసి గిన్నె కదలకుండా మూసి ఉంచితే పెరుగు ఎలా తోడుకుంటుందో, గోరువెచ్చటి సాంబారన్నాన్ని అందులో పెట్టి మూత బిగిస్తే సూక్ష్మజీవులు అలాగే పెరుగుతాయి. మామూలు స్టీలు డబ్బాలో అయితే ఆ అన్నం గంటలో చల్లారిపోతుంది. ఖరీదైన డబ్బాలో నాలుగు గంటలు 40 డిగ్రీల దగ్గర ఆగుతుంది. గాజువాకలో ఒక కుటుంబం ఇలాంటి ఫిర్యాదుతోనే నా దగ్గరకు వచ్చారు. తాజా వంట, శుభ్రమైన వంటిల్లు, మంచి డబ్బా, అయినా బాబుకు తరచూ కడుపునొప్పి. వివరంగా అడిగితే తేలినదేమిటంటే, మూత తీయగానే వేడికి నోరు కాలుతుందని వారి అత్తగారు అన్నాన్ని విసనకర్రతో చల్లార్చి మరీ డబ్బాకు ఎత్తుతున్నారు. ప్రేమతో చేసిన పనే, కానీ దాని వల్లే అన్నం సరిగ్గా ప్రమాదకరమైన వేడిలో ఉండిపోయింది.

వేడి డబ్బాను వాడే పద్ధతి ఇది. మరిగే నీళ్లు డబ్బా నిండా పోసి, మూతపెట్టి, పది నిమిషాలు ఉంచి పారబోయండి. వెంటనే పొయ్యి మీద నుంచి దించిన పప్పన్నాన్నో కిచిడీనో అంచు వరకూ నింపి మూత బిగించండి. సగం డబ్బా ఖాళీగా ఉంటే వేడి త్వరగా పోతుంది కాబట్టి పాప తినేంత పరిమాణానికి సరిపోయే చిన్న డబ్బానే కొనండి. ఒక సెలవు రోజున ఇంట్లోనే పరీక్ష చేయండి: 7 గంటలకు నింపి మూసి, 12:30కు తెరిచి, వంటింటి థర్మామీటరు గుచ్చి చూడండి. కొన్ని వందల రూపాయలకు దొరికే ఆ పరికరం 60 డిగ్రీలు, ఆపైన చూపిస్తే మీ డబ్బా నమ్మదగినది. అంతకంటే తగ్గితే ఆ డబ్బాలో పప్పు, సాంబారు, పాల పదార్థాలు పంపకండి. ఆరిన పదార్థాలకు మాత్రమే వాడుకోండి. పిల్లలు తినేటప్పుడు నోరు కాలకుండా, మూత తీసి రెండు నిమిషాలు ఆగమని నేర్పితే చాలు.

ఇక వేడి లేకుండానే నిలిచేవి ఏవన్న ప్రశ్న. మన వంటల్లో ప్రయాణాలకు కట్టుకునేవాటిని గుర్తుచేసుకోండి. చింతపండు పులుసును నూనెలో దగ్గరపడే దాకా ఉడికించి, ఉదయం వండి పళ్లెంలో ఆరబోసిన అన్నంలో కలిపిన పులిహోర అందరికీ తెలిసినదే. దాన్ని కాపాడేది పులుపు, ఉప్పు, తడి తక్కువగా ఉండడం. నిమ్మకాయ పులిహోరలో పిల్లలు తినలేరని రసం తగ్గిస్తాం కనుక దానికి అంత రక్షణ ఉండదు. చింతపండు పులిహోరైనా అన్నం పూర్తిగా ఆరకముందే మూతపెడితే లోపల ఆవిరి నీరుగా మారి మూత నుంచి కారుతుంది, అప్పుడు దాని బలం పోతుంది.

పెరుగన్నం పంపవచ్చు, అయితే చేసే తీరులో ఉంది. తాజా అన్నం మెత్తగా మెదిపి, బాగా ఆరాక, కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక చెంచా మంచి పెరుగు కలిపి పంపితే మధ్యాహ్నానికి తోడుకొని తియ్యగా ఉంటుంది. తాలింపు, అల్లం, కరివేపాకు సరే. కీరా ముక్కలు, దానిమ్మ గింజలు అందులో కలపవద్దు. దీన్ని వేడి డబ్బాలో కాకుండా మామూలు స్టీలు డబ్బాలోనే పెట్టండి.

ఇడ్లీ, దోసె, చపాతీ, చోడి (రాగి) పిండి రొట్టె నిలవగలిగినవి. వాటి పక్కన పెట్టేవే పాడవుతాయి. కొబ్బరి చట్నీ అన్నిటికంటే ముందు పులుస్తుంది, కనుక దాని స్థానంలో కందిపొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి నెయ్యితోనో నువ్వుల నూనెతోనో కలిపి పెట్టండి. చపాతీకి బెండకాయ, దొండకాయ, బీన్స్ వంటి పొడి వేపుడు బాగుంటుంది. ఉడికించి మెదిపిన బంగాళాదుంప కూర తడిగా ఉండి వేసవిలో నిలవదు. పనీరు, పాలతో చేసిన మిఠాయిలు, కోడి కూర, పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్ రాసిన శాండ్‌విచ్ క్యారేజీకి పనికిరావు. ఆ మయొనైజ్ వల్ల వచ్చిన జబ్బుల కారణంగానే 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాది పాటు నిషేధించింది. అది పిల్లల డబ్బాల్లోకి ఎలా వచ్చి చేరిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గుడ్డు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీరు ఫ్రైడ్ రైస్‌లో వేస్తున్నారు. ఉడికించిన గుడ్డును కూడా రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. అందుకే గుడ్డును ఉదయం ఫలహారంతో పెట్టండి, లేదా సాయంత్రం బడి నుంచి రాగానే ఇవ్వండి. చేప విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. హార్బరు నుంచి తాజాగా తెచ్చిన కానాగంతలు, ట్యూనా వంటి చేపలను చల్లగా ఉంచకపోతే వాటి మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం చేరుతుంది. వేయించినా అది పోదు, తిన్నవారికి ముఖం ఎర్రబారి, దద్దుర్లు, వాంతులు వస్తాయి. చేప పిల్లలకు చాలా మంచిది, రాత్రి భోజనంలోనో ఆదివారమో వేడివేడిగా పెట్టండి.

ఇప్పుడు బలం సంగతి. జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1700 కిలోకేలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ప్రభుత్వ బడుల్లో పీఎం పోషణ్ పథకం కింద ప్రాథమిక తరగతుల పిల్లలకు మధ్యాహ్నం 450 కిలోకేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని నిబంధన. దానికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె కేటాయిస్తారు. మీ డబ్బాకు కూడా ఇదే మంచి కొలమానం. మీ పాప అంత అన్నం తినలేకపోవచ్చు, 60 గ్రాముల బియ్యంతో వండినది తిన్నా చాలు. అందులో నాలుగున్నర గ్రాములు, 20 గ్రాముల కందిపప్పులో నాలుగు గ్రాముల పైన, చిన్న వేరుశనగ చిక్కీ ముక్కలో మరో మూడు గ్రాములు కలిపితే 12 గ్రాములకు చేరుకుంటారు. ఖరీదైన పొడులూ డబ్బా పానీయాలూ అక్కర్లేదు. మిగిలిన సగం ఉదయం గుడ్డుతో, రాత్రి పప్పుతో, పెరుగుతో నిండుతుంది.

పంపకుండా వదిలేయకూడనివి మన ప్రాంతంలో చవకగా దొరికేవే. చోళ్లు, అంటే రాగులు, నూరు గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఇస్తాయి. వారంలో రెండు రోజులు చోడి పిండితో దోసె గానీ రొట్టె గానీ చేసి, పిండిలో సన్నగా తరిగిన మునగాకు కలపండి. ఆకుకూరలోనూ పప్పులోనూ ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. రైతుబజారులో దొరికే జామకాయ దానికి అన్నిటికంటే మంచిది, నూరు గ్రాముల్లో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. కోసిన ముక్కలుగా కాకుండా కడిగి, తుడిచి, చిన్న కాయను మొత్తంగా పంపండి. అరటిపండు, కమలా కూడా అంతే. భోజనం వెంట టీ ఇచ్చే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, అది ఇనుమును పట్టనివ్వదు. మీ ఇంట్లో ఉంటే పాపకు మాన్పించండి.

వేరుశనగ గురించి ఒక హెచ్చరిక. తీరప్రాంతపు తేమలో నిల్వ ఉంచిన పల్లీలకు బూజు పడుతుంది, ఆ బూజులో కొన్ని రకాలు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి, వేయించినా అది పూర్తిగా పోదు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. పల్లీ పొడి వారానికి సరిపడా మాత్రమే కొట్టి, తడి తగలని సీసాలో పెట్టండి. ఐదేళ్ల లోపు తమ్ముడో చెల్లో ఉంటే వారికి పల్లీలు గింజలుగా ఇవ్వవద్దు, గొంతుకు అడ్డంపడతాయి. అలాగే, పిల్లలు డబ్బాలు మార్చుకొని తింటారు, అది ఆపడం మన వల్ల కాదు. కాబట్టి తరగతిలో ఎవరికైనా పల్లీలు, గుడ్డు, పాలు పడవని తెలిస్తే టీచరుగారి ద్వారా తెలుసుకొని ఆ పదార్థాలు పంపడం మానుకోండి.

డబ్బా సగం తిరిగి వస్తున్న సమస్యకు చాలామంది రుచినే కారణంగా చూస్తారు. నా అనుభవంలో రుచి కంటే ముందు వచ్చేవి వేరే ఉన్నాయి. ఒకటో తరగతి బాబు ఒకడు రోజూ డబ్బా ముట్టకుండా తెచ్చేవాడు, తల్లి రకరకాల వంటలు మార్చి విసిగిపోయింది. భోజన సమయంలో పక్కన కూర్చుని చూస్తే తెలిసింది, వాడికి ఆ మూత రావడం లేదు, టీచరును అడగడానికి సిగ్గు. వేడి డబ్బాలో ఆవిరి చల్లబడ్డాక మూత లోపలికి పీల్చుకొని బిగుసుకుంటుంది, పెద్దలకే కష్టం. మీ పాప చేత ఇంట్లో తెరిపించి చూడండి. బడిలో భోజనానికి నిజంగా ఎంత సమయం ఇస్తున్నారో, చేతులు కడుక్కునే వరుసలో ఎంత పోతోందో కూడా అడగండి. పదిహేను నిమిషాల్లో ఏడేళ్ల పిల్ల పప్పు, కూర, చారు, పెరుగు వరుసగా కలుపుకొని తినలేదు. ఒకే పదార్థం, చెంచాతో తినేది, కొంచెం తక్కువ. తక్కువ పెడితే అడిగి తింటుంది. వాసన ఘాటుగా ఉన్న కూర చూసి పక్క పిల్లలు ముక్కు మూసుకుంటే ఆ రోజు ఆ డబ్బా తెరవదు కూడా, దాన్ని మొండితనంగా తీసుకోకండి.

ఇక క్యాటరింగ్. బడి వారిని నిస్సంకోచంగా అడగండి. వంట ఎన్ని గంటలకు పూర్తవుతోంది, పిల్లల పళ్లెంలోకి ఎన్ని గంటలకు చేరుతోంది అన్నది మొదటి ప్రశ్న. ఊరి అవతల వంటశాలలో ఉదయం ఆరుకు దించి, వ్యానులో తెచ్చి, ఒంటిగంటకు వడ్డించే సాంబారు మీ రాత్రి అన్నం కంటే పెద్దగా మెరుగు కాదు. తెచ్చిన పాత్రల్లో ఆహారం 60 డిగ్రీల పైన ఉందో లేదో ఎవరైనా కొలుస్తున్నారా? వారికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందా? వంటవారికి వైద్య పరీక్షలు చేయిస్తున్నారా, చేతికి గాయం ఉన్నవారిని వడ్డనకు దూరంగా ఉంచుతున్నారా? చేతి గాయాల నుంచీ ముక్కు నుంచీ స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి అన్నంలోకి చేరుతుంది, దాని విషం కూడా వేడికి విరగదు. వడ్డించే ముందు పెద్దలెవరైనా రుచి చూస్తున్నారా? ప్రభుత్వ పథకంలో ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూశాకే పిల్లలకు వడ్డించాలన్న నిబంధన ఉంది. రుసుము తీసుకునే ప్రైవేటు బడి అంతకంటే తక్కువ చేయకూడదు.

పెద్ద గుండిగల్లో వండే పప్పు, కూర నెమ్మదిగా చల్లారడం మరో ప్రమాదం. నేను పరిశీలనకు వెళ్లిన ఒక బడి క్యాంటీనులో ముందురోజు సాయంత్రం ఉడికించిన శనగల కూరను గుండిగలోనే వదిలి మరునాడు వెచ్చబెట్టి వడ్డించారు. ఆ రాత్రి చాలామంది పిల్లలకు విరేచనాలు అయ్యాయి. మాంసం, పప్పు వంటివాటిలో పెరిగే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి పద్ధతి అదే. తిన్న ఆరు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల లోపు కడుపునొప్పి, విరేచనాలు తెస్తుంది. వాంతి కంటే విరేచనం ముందు వస్తే, అది ఆలస్యంగా వస్తే, అనుమానం అన్నం నుంచి పప్పు, కూరల వైపు మళ్లాలి.

బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న పదార్థాలు అమ్మకూడదని 2020లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. మీ బడి క్యాంటీనులో చిప్స్, శీతల పానీయాలు కనిపిస్తే తల్లిదండ్రుల సమావేశంలో ఆ నిబంధనను ప్రస్తావించండి.

డబ్బా, సీసాల శుభ్రత మీద ఎక్కువ రాయను, కానీ రెండు విషయాలు వదలలేను. మూతలోని రబ్బరు వలయాన్ని రోజూ ఊడదీసి కడగాలి, పాచి వాసన అక్కడి నుంచే వస్తుంది. వర్షాకాలంలో ఒక్క రాత్రిలో ఆరదు కాబట్టి రెండు డబ్బాలు మార్చి మార్చి వాడండి. నీళ్ల సీసా మూతి గొట్టానికీ ఇదే వర్తిస్తుంది. పులిహోరను అల్యూమినియం రేకులో చుట్టవద్దు, పులుపు లోహాన్ని కరిగిస్తుంది. వార్తాపత్రికలో ఏదీ చుట్టవద్దు, సిరా ఆహారానికి అంటుతుంది.

రెండోది వంటింట్లో రసాయనాలు. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. మన ఇళ్లలో బాత్రూము యాసిడ్‌నూ ఫినాయిల్‌నూ శీతల పానీయాల సీసాల్లో పోసి సింకు కింద పెట్టే అలవాటు ఇంకా పోలేదు. మీ ఇంట్లో అలా ఉంటే ఈరోజే తీసేయండి.

తుపాను రోజుల్లో కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే నాలుగు గంటల వరకు లోపలివి నిలుస్తాయి, అంతకు మించితే పాలు, మాంసం, వండినవి పారేయండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేని వారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

చివరగా పాప వాంతుల గురించి. మళ్లీ వాంతి అయితే వెంటనే అన్నం పెట్టకండి. ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసిన కొలత ప్రకారం, సాధారణంగా లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పట్టించండి. వాంతులు ఆగకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, ఆరు గంటలకు పైగా మూత్రం పోయకపోయినా, పిల్ల మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మామూలు రోజుల్లో రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి: ఆ రోజు ఏం పంపారు, ఎన్ని గంటలకు వండారు, ఎంత మిగిలింది, ఒంట్లో ఎలా ఉంది. తాజా అన్నంతో డబ్బా కట్టడం మొదలుపెట్టాక కూడా వాంతి కనిపిస్తే కారణం క్యారేజీ కాకపోవచ్చు. అప్పుడు ఆ నోట్‌బుక్‌తో సహా పిల్లల వైద్యుడికి చూపించండి.